సెలవుల విహారము – టిక్కెట్టు కొనుట

వార్షిక పరీక్షలు ముగియకమునుపే మా పాఠశాల బాలబాలికల నోట వినవచ్చు మాట యొకటి కలదు: "సార్, ఈ సెలవుల్లో మేము వాటర్ పార్కుకు పోతున్నాము." ఒకప్పుడు ఆ చోట నెల్లూరో, తెనాలియో, అమ్మమ్మగారి పల్లెయో ఉండెడిది. ఇప్పుడును ఆ ఊళ్లకు పోవుచునే యున్నారు గాని, నడుమ ఒక దినము వినోదోద్యానమునకు కేటాయింపబడుచున్నది. ఇందు తప్పేమియు లేదు. సంవత్సరమంతయు రాయపురము, చాకలిపేట ఇరుకు వీధులలో పెరుగు పిల్లలు ఒక్క దినము నీటిలో కేరింతలు కొట్టినచో సంతోషింపని వారెవ్వరు? అయితే ఆ దినమునకై తల్లిదండ్రులు వెచ్చించు ధనము అల్పము కాదు. అయిదుగురు గల కుటుంబమునకు పార్కు టిక్కెట్లు, రైలు, భోజనము అన్నియు కలసి, పెక్కు ఇండ్లలో నెల జీతమున పెద్ద భాగమును హరించును. అట్టి కొనుగోలును మనము సెల్ ఫోనుపై వ్రేలితో నొక్కి అయిదు నిమిషములలో ముగించుచున్నాము. కూరగాయల అంగడిలో బెండకాయ కొన విరిచి చూచి గాని కొనని మనము, టిక్కెట్టు క్రింది షరతులను మాత్రము చదువము. కావున ఈ విషయమున నాకు తెలిసినంత, కొంత నష్టపడి తెలిసికొన్నంత, ఇచ్చట వ్రాయుచున్నాను.

చెన్నపట్టణమునకు వినోదస్థలములు క్రొత్తవి కావు. 1855లో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అను దొర ఎగ్మూరు మ్యూజియము ఆవరణలో జంతువులను ప్రదర్శనమునకు ఉంచెను. ఆ శాల పిమ్మట పీపుల్స్ పార్కునకును, 1985లో వండలూరునకును మారినది. తూర్పు కోస్తా రోడ్డుపై వి.జి.పి. ఉద్యానము, ముట్టుకాడు చెంత ఎం.జి.ఎం. వారి డిజ్జీ వరల్డు, 1995లో తాంబరము వద్ద కిష్కింత వెలసినవి. వి.జి.పి.లో విగ్రహమువలె కదలక మెదలక నిలిచియుండు మనిషిని నవ్వింపబోయి ఓడిపోయిన తరము మాది. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు సమీపమున ఇల్లలూరులో వండర్లా పార్కు తెరువబడెను. ఈ సంస్థవారు 2000లో కొచ్చిలోను, 2005లో బెంగుళూరులోను, 2016లో హైదరాబాదులోను, 2024లో భువనేశ్వరములోను ఇట్టి పార్కులను స్థాపించియున్నారు. హైదరాబాదు పోవు మన వారికి 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీ ఎట్లును ఉండనే యున్నది.

ఇక టిక్కెట్టు మాట. మన తీవుత్తిడలులో సాగు ఎగ్జిబిషనుకు పోయినచో ప్రవేశరుసుము వేరు, రంగులరాట్నమునకు వేరు, జెయింట్ వీలుకు వేరు. ఎక్కినవాడే చెల్లించును. 1955 జూలైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో తెరువబడిన డిస్నీల్యాండులో కూడ మొదట ఇట్టి పద్ధతియే ఉండెను. ఆ యేటి అక్టోబరులో ఎ, బి, సి అను తరగతుల చీట్లు గల చిన్న పుస్తకములను అమ్మసాగిరి. 1959 నాటికి ఇ తరగతి వరకు పెరిగినవి. మిక్కిలి గొప్ప ఆటకు ఇ చీటి. 1982లో ఆ పుస్తకములను మాని, ద్వారము వద్ద ఒకే మారు ధనము పుచ్చుకొని లోపల అన్ని ఆటలను ఆడనిచ్చు పద్ధతిని అవలంబించిరి. నేడు మన దేశపు పెద్ద పార్కులలోను చాల వరకు ఇదియే పద్ధతి.

ఈ పద్ధతి సుఖకరమే గాని, దీనివలన రెండు ఫలములు కలిగినవి. మొదటిది, ఏ ఆటయు ఎక్కక చెట్టునీడను బల్లపై కూర్చుండి అందరి చెప్పులకు, సంచులకు కాపలా కాయు నాయనమ్మ కూడ టిక్కెట్టు కొనవలసినదే. కొన్ని పార్కులు వృద్ధులకు తగ్గింపు ఇచ్చుచున్నవి. ఆ వరుస టిక్కెట్ల పట్టికలో అడుగున ఉండును గనుక వెదకి చూడవలెను. రెండవది, లోపల ధనముతో పని లేనందున అచ్చట కాలమే ధనమైనది. పది ఆటలు ఉన్నను, ఒక్కొక్క దానికి గంటసేపు వరుసలో నిలిచినచో సాయంకాలమునకు నాలుగైదు దక్కుట కష్టము. అందుచేతనే శీఘ్రప్రవేశపు టిక్కెట్టు, అనగా ఫాస్ట్ ట్రాక్ టిక్కెట్టు పుట్టినది. మన వారికి ఇది వివరింపనక్కరలేదు. తిరుమలలో సర్వదర్శనపు వరుస వేరు, ముందుగా సమయము నిర్ణయించుకొని కొను మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనము వేరు. స్వామి ఒక్కడే, నిరీక్షణమే వేరు.

శీఘ్రప్రవేశము కొనవలెనా వలదా యని నన్నడిగినచో, తేదీని బట్టి యని చెప్పుదును. మే నెల ఆదివారమున అది ఉపయోగించును. పాఠశాలలు తెరచిన పిదప వచ్చు మంగళ, బుధవారములలో సామాన్యపు టిక్కెట్టే చాలును; పైగా ఆ దినములలో టిక్కెట్టు వెలయే తక్కువగా ఉండుట కద్దు. అట్లని పిల్లలను బడి మాన్పించి తీసికొనిపొండని ప్రధానోపాధ్యాయుడు వ్రాసెనని ఎవరును చెప్పవలదు. సెలవులలోనే వారపు నడిమి దినమును ఎంచుకొనవచ్చును.

వెలను గూర్చి ఒక చిన్న లెక్క. దీనిని ఎనిమిదవ తరగతివారికి ఇచ్చితిని. టిక్కెట్టు వేయి రూపాయలని పెద్ద అక్షరములలో ఉన్నది. పన్ను అదనమని చిన్న అక్షరములలో ఉన్నది. పార్కుల ప్రవేశముపై జి.ఎస్.టి. నూటికి 28 ఉండగా 2018 జనవరిలో దానిని 18కి తగ్గించిరి. అయిదుగురికి అయిదు వేలని బయలుదేరిన తండ్రి 5,900 చెల్లించును. ఇంకను సామానుల పెట్టె అద్దె, నీటిలో దిగుటకు వారు నిర్ణయించిన నైలాను దుస్తులు, లోపలి భోజనము కలవు. పులిహోర పొట్లములు కట్టుకొనిపోయి, బయటి ఆహారము కూడదని ద్వారము వద్ద ఆపివేయగా, ఎండలో నిలుచుండి అందరును తిని లోనికి పోయిన కుటుంబములను నేను చూచితిని.

పిల్లల టిక్కెట్టు విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. ఒకే బాలుని ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా కొలుతురు. రైలులో అయిదేండ్లు నిండనివానికి ప్రత్యేకపు బెర్తు కోరనిచో టిక్కెట్టు లేదు. అయిదు మొదలు పండ్రెండు లోపల బెర్తు లేకున్నచో అర ఛార్జి, బెర్తు కోరినచో పూర్తి ఛార్జి. అమెరికాలోని డిస్నీ పార్కులలో మూడు మొదలు తొమ్మిదేండ్ల వరకు బాలుడు, పదేండ్లు నిండినచో పెద్దవాడు. వండర్లా వంటి పార్కులలో వయస్సుతో పని లేదు, ఎత్తును కొలుతురు. జనన ధ్రువపత్రము చూపి వాదించినను ప్రయోజనము లేదు. ఇది టిక్కెట్టు మాట. లోపల ప్రతి పెద్ద ఆట వద్ద మరల ఒక కొలత బద్ద యుండును. అది బాలుని భద్రతకు సంబంధించినది గనుక అచ్చటివారు సడలింపరాదు, సడలింపరు.

మా తమ్ముని కుమారునికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఒక పార్కులో రోలర్ కోస్టరు ఎక్కుటకు 120 సెంటీమీటర్లు ఉండవలెను. వాడు 118 ఉండెను. మునివ్రేళ్లపై నిలిచి చూచెను. అచ్చటి యువకుడు నవ్వి, భుజముపై చేయి వేసి నేలకు దింపెను. ముప్పాతిక గంట వరుసలో నిలిచిన పిదప జరిగిన పని ఇది. వాని అక్క ఎక్కినది, వాడు నా ప్రక్కన నిలుచుండి చూచెను. ఆ దినమంతయు వాడు మరి యే ఆటయు అడుగలేదు. ఇంటివద్ద గోడకు నిలిపి కొలిచియుండినచో, వానికి తగిన ఆటలు గల మరియొక చోటికి పోయియుందుము.

దూరపు ఊరికి పోవునపుడు ఏది ముందు కొనవలెను, ఏది వెనుక కొనవలెను అనునది ముఖ్యమైన ప్రశ్న. ఇందు నేను స్వయముగా మోసపోతిని. మోసగించినవారు ఎవ్వరును లేరు. కొన్ని యేండ్ల క్రిందట పొరుగు రాష్ట్రపు ఒక పార్కువారు ముందుగా కొన్నవారికి తగ్గింపు ప్రకటింపగా, తేదీ వేసి అయిదు టిక్కెట్లు కొంటిని. పిదప రైలుకు ప్రయత్నింపగా వెయిటింగ్ లిస్టులో చోటు దొరకినది. కన్ఫర్ము అగునని ధైర్యముగా ఉంటిని. చార్టు తయారగు వరకును కాలేదు. రైలు సొమ్ము కొద్ది తగ్గింపుతో తిరిగి వచ్చెను. పార్కు సొమ్ము రాలేదు. ఉత్తరము వ్రాయగా, ఒకమారు కొన్న టిక్కెట్టు రద్దు కాదను షరతును చూపుచు మర్యాదగా జవాబిచ్చిరి. ఆ షరతు ఇంగ్లీషులో ఉన్నది. నేను ఇంగ్లీషు చదువరానివాడను కాను, చదువలేదు, అంతే.

దీనివలన నేను గ్రహించినది యేమనగా, దొరకుట కష్టమై, రద్దు చేసినచో కొంతయైన తిరిగి వచ్చుదానిని ముందు కొనవలెను. సులభముగ దొరకి, తిరిగి రానిదానిని చివర కొనవలెను. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషను 60 దినముల ముందు మాత్రమే తెరువబడుచున్నది. అంతకు పూర్వము 120 దినములుండెను. కావున మొదట ఆ తేదీన పార్కు తెరచియుండునా యని చూచి, అరువదవ నాడు ఉదయము ఎనిమిది గంటలకు రైలు టిక్కెట్టు కొని, బెర్తులు ఖాయమైన పిదపనే పార్కు టిక్కెట్టు కొనుట మేలు. తగ్గింపు పోవునేమో యని తొందరపడవలదు. పోవు తగ్గింపు వందలలో ఉండును, పోవు టిక్కెట్లు వేలలో ఉండును.

టిక్కెట్టు వేరు, రిజర్వేషను వేరు అనుటయు మరువరాదు. జనరల్ టిక్కెట్టు గలవాడు రైలెక్కవచ్చును గాని, కూర్చుండుటకు చోటు అతనిది కాదు. 2020లో మహమ్మారి పిదప డిస్నీ పార్కులవారు, టిక్కెట్టు ఉన్నను ఆ దినమునకు ప్రత్యేకముగా రిజర్వేషను ఉండవలెనని నియమము పెట్టిరి. ఫ్లోరిడాలో తేదీ వేసిన టిక్కెట్లకు 2024 జనవరిలో ఆ నియమమును ఎత్తివేసిరి. అమెరికాలోని కుమారుల వద్దకు పోవు పెద్దలు ఏ పార్కునకైనను టిక్కెట్టు కొనునపుడు "ఈ తేదీకి వేరుగా రిజర్వేషను కావలెనా?" యని అడిగించుట మంచిది.

ఇప్పుడు చెప్పబోవునది మా పాఠశాలకు సంబంధించినది. ఒక విద్యార్థి తండ్రి, సరకులు మోయు పనివాడు, ఆరు నెలలు కూడబెట్టి సగము వెలకు అయిదు టిక్కెట్లు కొనెను. ఆ లంకె వాట్సాపులో ఎవరో పంపినది. అచ్చముగా పార్కువారి బొమ్మయే, రంగులే. ద్వారము వద్ద యంత్రము దానిని అంగీకరింపలేదు. "పిల్లల ముందర తల ఎత్తలేకపోయినాను సార్" అని ఆయన నాతో అనెను. సొమ్ముకన్న ఆ మాటయే నన్ను బాధించినది. ఆయన మూడు వారములు ఎవరికిని చెప్పలేదు, సిగ్గుచేత.

ఇందు సిగ్గుపడవలసినది లేదు. 1955 జూలై 17న డిస్నీల్యాండు తెరచిన మొదటి దినముననే, ఆహ్వానితులకు మాత్రమే ప్రవేశము ఉండగా, నకిలీ ఆహ్వానములతో వేలమంది లోపల ప్రవేశించిరి. ఒకడు గోడకు నిచ్చెన వేసి తలకింతయని వసూలు చేసెనని కూడ చెప్పుదురు. టిక్కెట్టు పుట్టిన నాడే దొంగ టిక్కెట్టు పుట్టినది. మనము చేయవలసినది, ఎవరో పంపిన లంకెను నొక్కక, పార్కువారి చిరునామాను మనమే స్వయముగా టైపు చేసి చూచుట, లేక ద్వారము వద్ద కౌంటరులో కొనుట. సొమ్ము తిరిగి ఇచ్చెదము, పిన్ నొక్కుడు అని యెవరైన ఫోనులో చెప్పినచో వెంటనే పెట్టివేయవలెను, యు.పి.ఐ.లో ధనము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మోసము జరిగినదని తెలిసిన మరుక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. కొన్ని గంటలలో చేసినచో సొమ్ము బ్యాంకులోనే నిలిచిపోవు అవకాశము కలదు. మూడు వారముల పిదప ఆ ఆశ మిక్కిలి తక్కువ.

ఆ పిల్లలు తరువాత తండ్రితో వండలూరునకు పోయి వచ్చిరి. 602 హెక్టార్ల అడవిలో ఉన్న ఆ జంతుప్రదర్శనశాలకు బీచి స్టేషనులో లోకల్ రైలెక్కి పోవచ్చును. రుసుము పెద్ద పార్కుల రుసుములో అతి స్వల్ప భాగము. కానుం పొంగలు నాడు మాత్రము పోవలదు, అడుగు పెట్టుటకు చోటుండదు. మంగళవారము సెలవు; ఆ సంగతి తెలియక మా ఉపాధ్యాయులొకరు సకుటుంబముగ పోయి గేటు చూచి వచ్చిరి.

మా కార్యాలయపు వాకిలి ప్రక్క గోడపై సెంటీమీటర్ల గీతలు గీయించి యున్నాము. టిక్కెట్టు కొనబోవు తల్లిదండ్రులు ఏ సాయంకాలమైనను పిల్లలను తీసికొనివచ్చి కొలుచుకొనవచ్చును. చెప్పులు విడిచి నిలువవలెను.