దాదా ఏ సంవత్సరంలో పోయారు? భీమడోలు చుట్టుపక్కల పాత మరణ రికార్డులు వెతకడం ఎలా

మన ఇళ్లలో ఎవరినైనా అడిగి చూడండి. "దాదా ఎప్పుడు పోయారు?" అంటే "నీ అబ్బా పెళ్లికి ముందు" అనో, "ఉప్పెన వచ్చిన ఏడాది" అనో చెబుతారు. తేదీ చెప్పేవాళ్లు తక్కువ. కాగితం చూపించేవాళ్లు ఇంకా తక్కువ. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఆ మాత్రం చాలు. పొలం పంపకం దగ్గర, పాస్ బుక్ మార్పిడి దగ్గర, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దగ్గర మాత్రం చాలదు.

ముస్లిం కుటుంబాల్లో ఇంకో చిక్కు ఉంది. ఎవరు పోయారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు ముందు పోయారన్నదీ అంతే ముఖ్యం. ఒక పెద్దాయనకు ఇద్దరు కొడుకులు అనుకుందాం. పెద్ద కొడుకు పిల్లల్ని వదిలి చనిపోయాడు. అతను తండ్రి కంటే ముందే పోయి ఉంటే, హనఫీ ఫిఖ్ ప్రకారం, చిన్న కొడుకు బతికుండగా ఆ మనవళ్లకు తాత ఆస్తిలో వారసత్వ వాటా రాదు. తాత వసియ్యత్ రాసి ఉంటే ఆ దారి వేరు. అదే కొడుకు తండ్రి పోయిన మర్నాడు పోయి ఉంటే, అప్పటికే అతని వాటా అతనిదైపోయింది కాబట్టి అది అతని భార్యాపిల్లలకు వెళ్తుంది. తేడా ఒక్క రోజే. 1937 షరియత్ చట్టం మొదట్లో వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. 1949లో అప్పటి మద్రాసు ప్రభుత్వం చేసిన సవరణతో మన ఆంధ్ర ప్రాంతంలో పొలాలకూ అది వర్తించింది. కాబట్టి ఇది పొలం ఉన్న ప్రతి ఇంటి సంగతి.

ఏ కాలం రికార్డు ఎక్కడ

ఇప్పుడున్న జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గ్రామాల్లో రిజిస్ట్రార్ పంచాయతీ కార్యదర్శి. పట్టణంలో అయితే మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్. మరణాల రిజిస్టర్ శాశ్వతంగా భద్రపరచాల్సిన రికార్డు, ఇన్నేళ్లయింది కదా అని తగలబెట్టడానికి వీల్లేదు. పాత రిజిస్టర్లు పంచాయతీలో లేకపోతే తర్వాత అడగాల్సింది తహసీల్దార్ ఆఫీసులో.

1970కి ముందు మనది మద్రాసు చట్టం, 1899 నాటిది. ఊళ్లో మరణాలు గ్రామ మునసబు రాసేవారు. అన్నీ ఎక్కాయని చెప్పలేం. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఇలా మారిన ప్రతిసారీ పుస్తకాలు చేతులు మారాయి. అందుకే ఒక ఆఫీసులో "లేదు" అన్నారంటే అసలు లేదని కాదు, ఆ గదిలో లేదని అర్థం.

జిల్లా పేరు కూడా గుర్తుపెట్టుకోండి. ఏలూరు ప్రాంతం 1904 వరకు గోదావరి జిల్లా. 1904 నుంచి 1925 వరకు కృష్ణా జిల్లా. 1925 నుంచి పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లా. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కొల్లేరు అవతలి ఒడ్డున ఉన్న కైకలూరు వైపు మండలాలు 2022లో కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చాయి. పాత కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంటే కంగారు పడొద్దు.

మనిషి ఎక్కడ పోతే రికార్డు అక్కడే

ఎక్కువమంది తిరిగి తిరిగి అలిసిపోయేది ఈ ఒక్క విషయం తెలియకే. మరణం నమోదయ్యేది చనిపోయిన చోట. సొంత ఊళ్లోనో, దఫన్ చేసిన చోటో కాదు. గుండుగొలనులో పుట్టి, పూళ్లలో కాపురం చేసి, ఏలూరు ఆసుపత్రిలో కన్నుమూసిన మనిషి రికార్డు ఏలూరు కార్పొరేషన్‌లో ఉంటుంది. ఏలూరు 1866లోనే మున్సిపాలిటీ అయింది. తాడేపల్లిగూడెం 1958లో అయింది. విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో పోయినవాళ్లవి ఆయా ఊళ్లలోనే. రైల్లోనో బస్సులోనో ప్రాణం పోతే, ఆ బండి మొదట ఆగిన చోట నమోదు చేయాలని చట్టం చెబుతోంది. గల్ఫ్‌లో పోయినవాళ్ల విషయంలో అక్కడి మన రాయబార కార్యాలయంలో అడగాలి. కాబట్టి ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎప్పుడు" కాదు, "ఏ మంచం మీద" అన్నది.

ఆఫీసులో ఏం అడగాలి

చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. మరణ కారణం మాత్రం ఆ నకలులో ఇవ్వరు. దరఖాస్తులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, చనిపోయిన చోటు, సుమారు సంవత్సరం రాయండి. ఒకే సంవత్సరం రాసి ఊరుకోవద్దు. ముందు మూడేళ్లు, వెనక మూడేళ్లు కలిపి అడగండి. ఆన్‌లైన్‌లో దొరకకపోయినా ఆగిపోవద్దు. పాత పుస్తకాలు చాలావరకు కాగితం మీదే ఉన్నాయి.

"రిజిస్టర్ ఎక్కడుందో తెలీదు" అంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఫలానా ఊరి, ఫలానా సంవత్సరాల మరణాల రిజిస్టర్లు ప్రస్తుతం ఏ ఆఫీసులో ఉన్నాయని ఒకే ప్రశ్న వేయండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

ఇక పేర్ల గొడవ. మన పేర్లు రాసినవాళ్లు విన్నది విన్నట్టు రాశారు. షేక్, షేఖ్, ఎస్‌కే మూడూ ఒకరే కావచ్చు. మీరా సాహెబ్, మీరా సాబ్, మీరాసా కూడా అంతే. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ సంగతీ ఇదే. ఆడవాళ్ల పేర్లలో బీ, బీబీ, బేగం మారిపోతాయి. కొన్నిచోట్ల అసలు పేరు బదులు "ఫలానా వారి భార్య" అనే ఉంటుంది. ఇంటిపేరుతో కాకుండా తండ్రి లేదా భర్త పేరుతో కూడా వెతికించండి. నానీ, దాదీల రికార్డులు దొరకడం కష్టమే, కానీ వాళ్లకూ వాటా ఉంది. వాళ్లు పోయిన తేదీ మీదా లెక్క ఆధారపడుతుంది.

రిజిస్టర్‌లో లేకపోతే

కామర్స్ చదివినవాళ్లకు ఒక పుస్తకాన్ని ఇంకో పుస్తకంతో టాలీ చేయడం అలవాటు. ఇక్కడా అదే పని. తేదీ దొరక్కపోయినా, ఫలానా రోజుకు ఉన్నారు, ఫలానా రోజుకు లేరు అని రెండు వైపుల నుంచీ బిగించవచ్చు.

మొదటిది దస్తావేజులు. మన దస్తావేజుల్లో తండ్రి బతికుంటే "మస్తాన్ గారి కుమారుడు" అని, లేకపోతే "లేటు మస్తాన్ గారి కుమారుడు" అని రాస్తారు. 1962 దస్తావేజులో ఆ మాట లేక, 1968 దానిలో ఉందనుకోండి. ఆయన ఆ మధ్యలో పోయారన్నమాట. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసి, దస్తావేజు నంబర్లు పట్టుకుని నకళ్లు తెచ్చుకోండి.

రెండోది నిఖా రిజిస్టర్. ఖాజీ దగ్గరి సియాహాలో వధూవరుల తండ్రుల పేర్లు ఉంటాయి. పేరు పక్కన "మర్హూమ్" అని ఉంటే నిఖా రోజుకు ఆయన లేరు. ఇంట్లో ప్రతి పెళ్లీ ఒక ఆధారమే.

మూడోది ఓటరు జాబితా. తొలగించిన పేర్ల జాబితాలో పక్కన ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉంటే చనిపోయారని గుర్తు. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూడండి.

నాలుగోది మసీదు కమిటీ జమాఖర్చుల పుస్తకం. కఫన్ ఖర్చు, గోరీ తవ్విన కూలీ, కుటుంబం ఇచ్చిన చందా, ఏది రాసినా తేదీ ఉంటుంది. పాత ముతవల్లీల ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు ఉన్నాయేమో అడగండి.

ఐదోది ఖబరస్తాన్. మన దగ్గర ఎక్కువ గోరీలు మట్టివే, రాయి ఉండదు. రాయి ఉన్నచోట హిజ్రీ సంవత్సరం ఉండవచ్చు. హిజ్రీని 0.97తో హెచ్చవేసి 622 కలపండి. 1380 అయితే సుమారు 1960–61 వస్తుంది. ఉర్దూ అంకెల్లో 2, 3 దగ్గరగా ఉంటాయి, 7, 8 ఒకదానికొకటి తలకిందులు. సున్నా అంటే ఒక చుక్కే, సున్నం వేస్తే కనపడకుండా పోతుంది. అందుకే ఫొటో తీసి ఉర్దూ చదివిన ఇద్దరికి విడివిడిగా చూపించండి. కొన్ని రాళ్ల మీద అంకె ఉండదు, ఒక వాక్యం ఉంటుంది. దాని అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వస్తుంది. బిస్మిల్లాకు 786 వచ్చేది ఈ అబ్జద్ లెక్కతోనే. ఇంకో మాట, ఇస్లామీ తేదీ మగ్రిబ్‌తో మారుతుంది. రాత్రి పోయినవాళ్ల తేదీలో ఒక రోజు తేడా రావచ్చు. ముందు, వెనక తేల్చాల్సిన చోట ఇది మర్చిపోవద్దు.

పత్రికల్లో

మన వాళ్లు ఫొటోతో సంతాప ప్రకటన వేయించడం తక్కువ. మసీదు మైకులో చెబుతారు, జనాజా నమాజ్ వేళ చెబుతారు, అంతటితో అయిపోతుంది. కానీ టీచర్లు, సర్పంచులు, వ్యాపారులు, పార్టీ నాయకులు పోయినప్పుడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. 'ఈనాడు' 1974లో మొదలై, 1989లో జిల్లా పేజీలు తెచ్చింది. అంతకు ముందు కాలానికి 'ఆంధ్రపత్రిక', 'ఆంధ్రప్రభ' చూడాలి. పాత తెలుగు పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోట్లు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పాత సంచికలు ఇంటర్నెట్‌లోనూ ఉన్నాయి. "మృతి", "అస్తమయం", "కన్నుమూత", "సంతాపం" అనే శీర్షికలు చూడండి. బంధువులు హైదరాబాద్‌లో ఉంటే 1949లో మొదలైన 'సియాసత్' లాంటి ఉర్దూ పత్రికల్లో "ఇంతెఖాల్", "సానిహా-ఎ-ఇర్తెహాల్" శీర్షికలు వెతకండి.

పెద్దల జ్ఞాపకం

పెద్దవాళ్లను తేదీ అడిగితే రాదు, సంఘటన అడిగితే వస్తుంది. 1953, 1986 గోదావరి వరదలు, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 1984లో ఇందిరాగాంధీ హత్య, 1996 నవంబర్ తుపాను, 2006లో కొల్లేరు చెరువుల గట్లు కొట్టేసిన రోజులు, వీటికి ముందా తర్వాతా అని అడగండి. పండగ కూడా సాయం చేస్తుంది. 1977లో బక్రీద్ నవంబర్ 21, 22 తేదీల్లో, అంటే ఉప్పెన వెంటనే వచ్చింది. "ఆ బక్రీద్‌కు దాదా లేరు" అన్న ఒక్క మాటతో తేదీ చాలా దగ్గరికి వస్తుంది. ఇద్దరు ముగ్గురిని విడిగా అడిగి, చెప్పినవారి పేరు, అడిగిన తేదీ రాసుకోండి.

నమోదే కాని మరణం

ఎక్కడా లేదని తేలితే, నమోదు లేదని రిజిస్ట్రార్ నుంచి ధ్రువపత్రం తీసుకోండి. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే అధికారం ఉన్న మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఇది రెవెన్యూ అధికారుల చేతిలో ఉంది. భీమడోలు వాళ్లు ఏలూరు ఆర్డీవో ఆఫీసులో అడగాలి. పైన చెప్పిన దస్తావేజు నకళ్లు, సియాహా నకలు, ఓటరు జాబితా అప్పుడు పనికొస్తాయి. వాటాల లెక్కకు ఒక ఆలిమ్‌ను, కోర్టు దాకా వెళ్తే ఒక వకీలును కలవండి. ఇద్దరూ మొదట అడిగేది ఆ తేదీలే.

ఇప్పుడు పోతున్నవాళ్లకైనా ఈ తిప్పలు లేకుండా చూడొచ్చు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే లేటు ఫీజు లేదు. జియారత్ నుంచి చెహ్లుమ్ లోపు ఇంట్లో పది పనులు ఉంటాయి, వాటిలో ఇదీ ఒకటి అనుకోండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇక ప్రతి మసీదు కమిటీ ఒక రూళ్ల పుస్తకం కొని పేరు, తండ్రి పేరు, ఊరు, పోయిన చోటు, తేదీ, వేళ, దఫన్ చేసిన వరస రాసి పెడితే చాలు. యాభై ఏళ్ల తర్వాత ఏ మనవరాలో వచ్చి అడిగితే, చూపించడానికి ఒక పేజీ ఉంటుంది.