నూతన సృష్టి (క్రైస్తవ భావన)

నూతన సృష్టి అనేది క్రైస్తవ మతంలో విశ్వాసి యొక్క ఆధ్యాత్మిక గుర్తింపును తెలిపే భావన. యేసు క్రీస్తును విశ్వసించిన వ్యక్తి తన పాత జీవితం విషయంలో మరణించి, క్రీస్తునందు కొత్త జీవితాన్ని పొందుతాడనేది దీని సారాంశం. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక (5:17) ఈ మాటకు ఆధారం. ఈ గుర్తింపు మంచి పనుల ద్వారా సంపాదించుకొనేది కాదని, దేవుని కృప వలన ముందుగా లభించేదని, సత్ప్రవర్తన దాని ఫలమని క్రైస్తవ సంఘాలు బోధిస్తాయి. అందువలన విశ్వాసి దైనందిన జీవితంలో ఆహారం, పని, డబ్బు, వివాహం వంటి విషయాలు కూడా ఈ గుర్తింపు పరిధిలోకి వస్తాయి.

బైబిలులో ఆధారాలు

యేసు శిష్యులను "క్రైస్తవులు" అని మొదటిసారి అంతియొకయ పట్టణంలో పిలిచినట్లు అపొస్తలుల కార్యములు (11:26) తెలుపుతుంది. పౌలు మాత్రం తన పత్రికలలో విశ్వాసులను ఎక్కువగా "క్రీస్తునందు" ఉన్నవారిగా పేర్కొన్నాడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో ఆరు అధ్యాయాలున్నాయి. మొదటి మూడు దేవుడు విశ్వాసులకు చేసినదానిని వివరిస్తాయి. తరువాతి మూడు అబద్ధం, దొంగతనం, కోపం విడిచిపెట్టడం గురించి, కుటుంబంలోను పనిలోను మెలగవలసిన తీరు గురించి చెబుతాయి. ముందు గుర్తింపు, తరువాత నడవడి అనే వరుస ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

గలతీయులకు వ్రాసిన పత్రిక (3:28) ప్రకారం క్రీస్తునందు యూదుడు, గ్రీసు దేశస్థుడు అనే తేడా గాని, దాసుడు, స్వతంత్రుడు అనే తేడా గాని, స్త్రీ పురుష భేదం గాని లేదు. ఈ బోధ ఆచరణలో ఎదుర్కొన్న చిక్కు ఫిలేమోను పత్రికలో కనబడుతుంది. యజమానికి దూరమైన ఒనేసిము అనే దాసుని పౌలు తిరిగి పంపుతూ, ఇకపై అతనిని ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని యజమానిని కోరాడు. అయితే దాస్య వ్యవస్థను రద్దు చేయాలని ఆ పత్రికలో నేరుగా చెప్పలేదు. అందువలన ఈ పత్రికను తరువాతి కాలంలో బానిసత్వాన్ని సమర్థించినవారు, వ్యతిరేకించినవారు కూడా తమకు అనుకూలంగా వాడుకున్నారు.

బాప్తిస్మము

ఈ గుర్తింపుకు బాహ్యమైన చిహ్నం బాప్తిస్మము. కాథలిక్కులు దీనిని జ్ఞానస్నానము అంటారు. నీటిలో మునగడం క్రీస్తుతో కూడ మరణించి పాతిపెట్టబడటాన్ని, పైకి లేవడం ఆయనతో కూడ కొత్త జీవితం పొందటాన్ని సూచిస్తాయని రోమీయులకు వ్రాసిన పత్రిక (6:3-4) ఆధారంగా వివరిస్తారు. కాథలిక్కులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం వారు శిశువులకు కూడా బాప్తిస్మము ఇస్తారు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలవారు స్వయంగా విశ్వాసాన్ని ప్రకటించినవారికే ఇస్తారు.

జ్ఞానస్నానము వలన ఆత్మపై చెరగని ముద్ర పడుతుందని కాథలిక్కుల విశ్వాసం. మార్టిన్ లూథర్ 1529లో ప్రచురించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలో, బాప్తిస్మము యొక్క అర్థం ప్రతిదినం పశ్చాత్తాపంతో కొనసాగాలని బోధించాడు. విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడు, పాపి కూడా అని అతని అభిప్రాయం. కొత్త గుర్తింపు పొందినవారిలో పాత అలవాట్లు ఎందుకు మిగిలి ఉంటాయనే ప్రశ్నకు ఇది లూథరన్ల సమాధానం.

దైనందిన జీవితం

ఆదివార ఆరాధన, కుటుంబ ప్రార్థన, బైబిలు పఠనం, భోజనానికి ముందు కృతజ్ఞతా ప్రార్థన ఈ గుర్తింపును నిత్యం జ్ఞాపకం చేసే ఆచారాలు. ఆదాయంలో దశమ భాగాన్ని దేవునికి ప్రత్యేకించడం అనేక సంఘాలలో ఉంది. నగదు తక్కువగా ఉండే గ్రామీణ కుటుంబాలలో స్త్రీలు వంటకు తీసిన బియ్యంలో పిడికెడు పక్కన పెట్టి సంఘానికి ఇచ్చేవారు. దేవదానం, యేసురత్నం, సువార్తమ్మ వంటి పేర్లు కూడా తెలుగు క్రైస్తవులలో ఈ గుర్తింపును తెలుపుతాయి.

ఒంగోలు ప్రాంతంలో

ఈ భావన సామాజిక జీవితాన్ని ఎలా మార్చిందో తెలుసుకోవడానికి ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్ర ముఖ్యమైన ఉదాహరణ. తోలు వ్యాపారి అయిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొంది, తనవారిలో బోధ ప్రారంభించాడు. అదే సంవత్సరం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అస్పృశ్యులను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు చెప్పినప్పటికీ, క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు.

కొత్త విశ్వాసులు ముఖ్యంగా మూడు నియమాలు పాటించవలసి ఉండేది: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి మతపరంగా కనిపించే ఈ నియమాలు గ్రామ కట్టుబాట్లకు తగిలాయి. చచ్చిన పశువులను ఈడ్వడం, జాతరలలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి రావడం మాదిగల విధులుగా ఉండేవి. వాటిని నిరాకరించినవారికి పని ఇవ్వకపోవడం, నీళ్ళు అందకుండా చేయడం వంటి వేధింపులు ఎదురయ్యాయి.

1876-78 కరువు కాలంలో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని కూలీలకు పని కల్పించాడు. కరువు సహాయం కోసం మతం మారుతున్నారనే సందేహం రాకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిరిగి ప్రారంభించిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వీరు కరువు సహాయం కోసమే చేరారా, విశ్వాసంతో చేరారా అనేది చర్చనీయాంశంగానే ఉంది. తిండి కోసమే చేరారనే వాదన ఒక్కటే, కరువుకు పదేళ్ళ ముందు నుండి వేధింపులను సహించి నిలిచినవారి విషయాన్ని వివరించలేదు.

కులము, చట్టము

క్రీస్తునందు భేదం లేదనే బోధ ఉన్నప్పటికీ తెలుగు క్రైస్తవులలో కులం తొలగిపోలేదు. వివాహ సంబంధాలు ఎక్కువగా కులం లోపలే జరుగుతాయి. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. ఆ స్థానం పొందిన మొదటి దళితుడు ఆయనే.

మరోవైపు, 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల "సి" గ్రూపులో చేర్చి 1 శాతం రిజర్వేషను కల్పించారు. ఈ కారణంగా చర్చికి వెళుతూనే ప్రభుత్వ పత్రాలలో హిందువులుగా కొనసాగేవారున్నారు. విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకోవాలని సంఘం కోరుతుంది. ఒప్పుకుంటే చదువు, ఉద్యోగాలలో దక్కే అవకాశం తగ్గిపోతుంది. మతం మారినా కుల వివక్ష ఆగదు గనుక హోదా కొనసాగాలని దళిత క్రైస్తవ సంఘాలు వాదిస్తున్నాయి. అస్పృశ్యత హిందూ సమాజ వ్యవస్థకు చెందినది గనుక ఆ హోదా క్రైస్తవులకు వర్తించదని వ్యతిరేకించేవారి వాదన.