కథల చాటున లాటిన్ భాష

పాఠశాలను విడిచిన భాష ఇంటిని కూడ విడిచిపోవునా? లాటిన్ చరిత్రను పరిశీలించినచో అట్లు జరుగదని తోచును. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో చేరగోరు ప్రతి విద్యార్థికిని లాటిన్ వచ్చి తీరవలెనను నియమము 1960లో సడలినది. 1963లో రోమను కాథలిక్కుల మహాసభ ఆరాధనలో దేశభాషలకు చోటిచ్చినది. శతాబ్దుల తరబడి ఆ భాషను పోషించిన బడియు గుడియు ఇట్లు ఇంచుమించు ఒకే కాలమున పట్టు వదలినవి.

చిత్రమేమనగా, ఆ 1960లోనే అమెరికాలో ఒక లాటిన్ పుస్తకము విశేషముగా అమ్ముడుపోవు గ్రంథముల పట్టికకు ఎక్కినది. అది వర్జిలు కావ్యము కాదు, సిసిరో ఉపన్యాసమును కాదు, ఎ. ఎ. మిల్న్ 1926లో పిల్లలకై వ్రాసిన ఎలుగుబంటి బొమ్మ కథ. బ్రెజిలులో స్థిరపడిన హంగేరీ వైద్యుడు అలెగ్జాండర్ లెనార్డు దానిని ‘విన్నీ ఇల్లె పూ’ అను పేర అనువదించెను. ఇంట తల్లిదండ్రులు చదివి వినిపించగా ఆ కథ నోటికి వచ్చినవారికి లాటిన్ వాక్యపు భావము ముందే తెలిసియుండును. ఇక పదములను పోల్చుకొనుటయే మిగులును.

1997లో మొదలైన హ్యారీ పోటరు కథలలో లాటిన్ మరియొక వేషమున ప్రవేశించినది. రచయిత్రి జె. కె. రోలింగు ఎక్సెటరు విశ్వవిద్యాలయమున ఫ్రెంచితోపాటు ప్రాచీన సాహిత్యమును చదివినవారు. ‘లూమోస్’ అనగానే మంత్రదండము కొన వెలుగును. ‘లూమెన్’ అనగా లాటిన్‌లో వెలుగు. ‘నాక్స్’ అనగానే ఆరిపోవును. అది రాత్రికి పేరు. దూరముననున్న వస్తువును రప్పించు ‘ఆకియో’ మంత్రమునకు ‘పిలిపించుచున్నాను’ అని అర్థము. ఇందు ‘నేను’ అను మాట వేరుగ లేదు, క్రియలోనే ఇమిడియున్నది. ‘వచ్చితిని’ అను తెలుగు విద్యార్థికి ఇది వింత కాదు. లూపిన్ అను ఉపాధ్యాయుని పేరులో ‘లూపుస్’, అనగా తోడేలు, దాగియున్నదని గుర్తించిన బాలుడు కథ విప్పకముందే అతని రహస్యమును పసిగట్టగలడు. 2003లో పీటర్ నీధమ్ మొదటి భాగమును సమగ్రముగా లాటిన్‌లోనికి తెచ్చెను.

మనకును ఇట్టి అనుభవము కలదు. 1951 నాటి ‘పాతాళభైరవి’ చిత్రములో మాంత్రికుడు ‘డింభకా’ అని పిలువగా, నిఘంటువు తెరువని పిల్లలు సైతము ఆ సంస్కృత పదమును నేర్చిరి. దాని అర్థము బాలుడని తెలిసికొన్నవారు కొందరే.

ఉపాధ్యాయుని పని అచ్చటనే ఉన్నది. నాలుగు మంత్రములు వల్లించినంత మాత్రమున భాష రాదు. కాని, ‘ఈ మాటకు అర్థమేమి?’ అని బాలుడు అడిగిన క్షణమున ‘అది వట్టి కథ’ అని త్రోసివేసినచో మరల అడుగడు. ఆ ప్రశ్నను అందుకొన్న గురువు గోడపైనున్న క్యాలెండరును చూపవచ్చును: సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరులలోని లాటిన్ సంఖ్యలు మన సప్త, అష్ట, నవ, దశలకు జ్ఞాతులు. మరి తొమ్మిదవ నెలకు ‘ఏడు’ పేరేలయని ఒకడు తప్పక అడుగును. ప్రాచీన రోమనుల సంవత్సరము మార్చితో ఆరంభమయ్యెడిదని చెప్పుటతో, మంత్రమువద్ద మొదలైన పాఠము చరిత్రలోనికి సాగిపోవును.