కీళ్లవాపు – బయలాజిక్ మందులు



హిందూపురం నుండో, మదనపల్లె నుండో వచ్చి మెజెస్టిక్‌లో బస్సు దిగి, కాటన్‌పేట దాటి విక్టోరియా ఆసుపత్రికి వెళ్లే మనవాళ్లలో కీళ్లనొప్పుల రోగులూ ఉంటారు. వారిలో కొందరికి మోచేతుల మీద, తలలో పొట్టు రాలే ఎర్రని మచ్చలు ఉంటాయి. ఆ మచ్చలకూ ఈ నొప్పులకూ సంబంధం ఉండవచ్చునని చాలామందికి తోచదు. ఆ చర్మవ్యాధి సోరియాసిస్. దానితో ముడిపడిన కీళ్లవాపును సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అంటారు. ఇది అంటువ్యాధి కాదు.

మన ఒంట్లోని రక్షక కణాలు క్రిములతో పోరాడాలి. ఈ జబ్బులో అవి సొంత కీళ్ల మీదికే తిరగబడతాయి. దాడికి రమ్మని ఒక కణం మరో కణానికి కబురు పంపుతుంది. ఆ కబురు మోసేవి టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-17 వంటి ప్రోటీన్లు. కబురు అందేకొద్దీ కీలు వాస్తుంది, బిగుసుకుంటుంది, చివరకు ఎముక దెబ్బతింటుంది.

నొప్పిబిళ్ల బాధను తగ్గిస్తుంది కాని ఆ కబురును ఆపలేదు. బయలాజిక్ మందు ఆ ప్రోటీన్‌ను దారిలోనే పట్టేస్తుంది. కబురు అందక కణాలు శాంతిస్తాయి, వాపు తీస్తుంది. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ అనేవి టి.ఎన్.ఎఫ్.ను పట్టేవి, సెకుకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను పట్టేది. ఇవి జీవకణాలలో తయారయ్యే పెద్ద ప్రోటీన్లు. మింగితే కడుపులోనే జీర్ణమైపోతాయి కనుక సూది ద్వారా ఇస్తారు.

అందరికీ ఇవి అవసరం లేదు. చాలామందికి ముందు మెథోట్రెక్సేట్ వంటి బిళ్లలు ఇచ్చి చూస్తారు. బయలాజిక్‌లు ఖరీదైనవే. అయితే 2014లో జైడస్ కాడిలా సంస్థ అడాలిముమాబ్‌కు సాటివచ్చే మందును మన దేశంలో తక్కువ ధరకు తెచ్చింది.

ఒక హెచ్చరిక. టి.ఎన్.ఎఫ్. మనకు మేలూ చేస్తుంది. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిముల చుట్టూ గోడ కట్టి నిలిపేందుకు అది కావాలి. దాన్ని అడ్డుకుంటే ఆ గోడ కూలి క్షయ పైకి రావచ్చు. అందుకే సూది వేసే ముందు ఎక్స్‌రే, క్షయ పరీక్షలు చేస్తారు. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే సిగ్గుపడి దాచకండి. మందు మొదలయ్యాక జ్వరం, విడవని దగ్గు వస్తే వెంటనే చెప్పండి. నొప్పి తగ్గిందని సొంతంగా మందు మానకండి.

వాపు తగ్గించవచ్చు కాని పాడైన కీలును ఈ మందులు తిరిగి తేలేవు. ఒంటిమీద మచ్చలుండి, ఉదయం లేవగానే అరగంటకు పైగా కీళ్లు బిగిసి ఉంటే, ఆ రెండింటినీ కలిపి డాక్టరుగారికి చెప్పండి. ఆలస్యం చేయకండి.