పుర్రచేతి వాటం: తప్పూ కాదు, గొప్పా కాదు

మూడేళ్ల పిల్ల ఎడమచేత్తో చాక్‌పీసు పట్టుకుని పలక మీద గీతలు గీస్తుంటే ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఆ చెయ్యి కాదమ్మా, ఈ చెయ్యి" అంటూ నాయనమ్మ చాక్‌పీసు తీసి కుడిచేతిలో పెడుతుంది. పక్కనున్న బాబాయి అడ్డుపడతాడు. "ఉండనీవే అమ్మా, సచిన్ కూడా ఎడమచేత్తోనే రాస్తాడు. పుర్రచేతి వాళ్లు మహా తెలివైనవాళ్లు తెలుసా!"

నాయనమ్మ మాట పిల్లకు కష్టం కలిగిస్తుందని ఈ రోజుల్లో చాలామంది ఒప్పుకుంటారు. బాబాయి మాటలో కూడా ఓ చిక్కు ఉంది. దాని సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ముందు అసలు విషయం. ఎడమచేతివాటం వాళ్లు నూటికి సుమారు పదిమంది. ఇరవై లక్షల మందికి పైగా వివరాలను ఒక్కచోట చేర్చి 2020లో చేసిన సమీక్షలో 10.6 శాతం అని తేలింది. అంటే నలభైమంది ఉన్న తరగతిలో నలుగురు. పిల్లల చేతులు పట్టుకుని దిద్దించే అలవాటు బలంగా ఉన్న చోట ఈ సంఖ్య తగ్గినట్టు కనిపిస్తుంది. అక్కడ ఎడమచేతివాటంతో పుట్టేవాళ్లు తక్కువై కాదు, దాన్ని బయటపడనిచ్చేవాళ్లు తక్కువై.

ఈ వాటం తల్లి కడుపులోనే మొదలవుతుంది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పీటర్ హెపర్ అనే శాస్త్రవేత్త గర్భంలోని శిశువులు ఏ బొటనవేలు చప్పరిస్తున్నారో స్కానింగ్‌లో చూశారు. వాళ్లకు పది పన్నెండేళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి పరీక్షించారు. కుడి వేలు చప్పరించిన 60 మందీ కుడిచేతివాటం వాళ్లే అయ్యారు. ఎడమ వేలు చప్పరించిన 15 మందిలో పదిమంది ఎడమకు స్థిరపడ్డారు, ఐదుగురు కుడికి మారారు. దీనికి కారణమైన జన్యువు ఏదో ఒక్కటి లేదు, పదుల సంఖ్యలో ఉన్నాయి. జన్యువులొక్కటే దీన్ని తేల్చవు కూడా, అందుకే ఒకే పోలికతో పుట్టిన కవలల్లో సైతం ఒకరిది కుడి, మరొకరిది ఎడమ కావచ్చు. "ఎవరి పోలికో" అని వియ్యాలవారి వైపు చూడటం వృథా.

బలవంతంగా చెయ్యి మార్పిస్తే ఏమవుతుంది? చాలామంది నేర్చేసుకుంటారు, రాత కూడా బాగానే కుదురుతుంది. అయితే చిన్నప్పుడు బడిలో అలా మార్పించుకున్న జర్మన్ పెద్దలు రాస్తుండగా వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి 2002లో ఫలితాలు ప్రచురించారు. దశాబ్దాలుగా కుడిచేత్తోనే రాస్తున్నా, పుట్టుకతో కుడిచేతివాటం ఉన్నవాళ్లలో కనబడని చురుకు వీళ్ల మెదడు కుడి భాగంలో కనిపించింది. చెయ్యి మాట విన్నది గానీ, మెదడు పూర్తిగా వినలేదు.

ఇక ఆచారం. మన ఇళ్లలో కుడిచేత్తో తింటాం, కుడిచేత్తో ఇస్తాం, ప్రసాదం కుడిచేతిలోనే పట్టుకుంటాం. బోణీ వేళ ఎడమచేత్తో డబ్బిస్తే కొట్టువాడి మొహం మాడుతుంది. ఇవన్నీ మూఢత్వమని పెద్దవాళ్లతో పోట్లాడనక్కర్లేదని నా అభిప్రాయం. ప్రసాదం కుడిచేత్తో తీసుకోవడం ఓ మర్యాద, పిల్లలు దాన్ని సులువుగానే నేర్చుకుంటారు. చాలా ఇళ్లలో చివరికి కుదిరే రాజీ ఇదే: తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేత్తో, రాయడం, గీయడం, కత్తిరించడం, విసరడం తనకు నచ్చిన చేత్తో. అయితే ఆ మర్యాద చెప్పే తీరులో తేడా ఉంది. "గుళ్లో అందరం ఇలా తీసుకుంటాం" అనడం వేరు, "ఛీ, పాడు చెయ్యి" అనడం వేరు. మొదటి మాటతో పిల్లకు ఒక పద్ధతి తెలుస్తుంది. రెండో మాటతో తన ఒంట్లోనే ఏదో తప్పు ఉందని తెలుస్తుంది.

పిల్లకు నిజంగా కావలసినవి ఇంతకంటే చాలా చిన్నవి. తెలుగూ ఇంగ్లీషూ ఎడమ నుంచి కుడికి రాస్తాం కాబట్టి ఎడమచేత్తో రాసేవాళ్ల అరచేయి అప్పుడే రాసిన అక్షరాల మీదుగా జరుగుతుంది. సిరా అలుక్కుపోతుంది, రాసింది కనబడదు. అందుకే కొందరు మణికట్టును కొక్కెంలా వంచి తిప్పలు పడతారు. పుస్తకం పైఅంచు కాస్త కుడికి వాలేలా పెట్టి, పెన్సిల్‌ను మొన నుంచి రెండు మూడు సెంటీమీటర్లు పైకి పట్టుకోమంటే చాలావరకు సర్దుకుంటుంది. బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెడితే పక్క పిల్లవాడితో మోచేతుల తగువు ఉండదు. స్పైరల్ నోటుబుక్కు అయితే తీగ చేతికింద గుచ్చుకుంటుంది, మామూలు కుట్టు పుస్తకం నయం. మామూలు కత్తెర ఎడమచేత్తో పడితే రెండు రేకులూ దగ్గరకు రావాల్సింది పోయి విడిపోతాయి, కాగితం తెగకుండా నలుగుతుంది. గీసిన గీత కూడా రేకు చాటుకు పోతుంది. క్రాఫ్ట్ పీరియడ్‌లో "మొద్దు" అనిపించుకున్న పిల్ల అసలు చిక్కు చాలాసార్లు ఈ కత్తెరే. ఎడమచేతి కత్తెరలు దొరుకుతాయి. కాలేజీలో రాతపలక కుడివైపే ఉన్న కుర్చీలతో ఇదే తంటా. పరీక్షకు ముందే అడిగి వేరే బల్ల వేయించుకోవాలి.

బాబాయి దగ్గరకు వద్దాం. సచిన్ టెండూల్కర్ ఎడమచేత్తో రాస్తాడన్నది నిజమే, బ్యాటింగ్ మాత్రం కుడిచేతివాటం. సౌరవ్ గంగూలీ దీనికి తలకిందులు. వీళ్ల గొప్పదనానికీ రాసే చేతికీ సంబంధం వెతకడం మన ముచ్చట తప్ప మరేం కాదు. ఎడమచేతివాటం వాళ్లు సగటున ఎక్కువ తెలివైనవాళ్లని పరిశోధనలూ చెప్పడం లేదు. ఇందులో ఇంకో తకరారు ఉంది. "నువ్వు స్పెషల్" అని విన్న పిల్ల రేపు లెక్కల్లో తప్పితే ఆ స్పెషల్ ఏమైనట్టు?

నెదర్లాండ్స్‌లో ఎడీ బ్రుమెల్‌మన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల చేత వాన్‌గో పూల బొమ్మ ఒకటి చూసి గీయించారు. ఓ చిత్రకారుడు రాసినట్టుగా చీటీలు ఇచ్చారు. కొందరికి "బొమ్మ అందంగా ఉంది" అన్నట్టు, కొందరికి "అద్భుతాతి అద్భుతంగా ఉంది" అన్న ధోరణిలో, మిగిలినవాళ్లకు మెచ్చుకోలు ఏమీ లేకుండా. తర్వాత తేలిక బొమ్మలు, కష్టమైన బొమ్మలు ముందుపెట్టి నచ్చింది గీసుకోమన్నారు. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లలు అతిపొగడ్త విన్నాక కష్టమైనవాటి జోలికి వెళ్లడం తగ్గించారు. అంత ఎత్తున మళ్లీ నిలబడలేమన్న భయం. విచిత్రమేమిటంటే పెద్దలు అతిపొగడ్త గుమ్మరించేది సరిగ్గా ఇలాంటి పిల్లల మీదే.

అదే బృందం మరుసటి ఏడు ఇంకో అధ్యయనం వెలువరించింది. 565 మంది పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ ఆరు నెలలకోసారి, నాలుగు విడతలు ప్రశ్నించారు. తమ బిడ్డ మిగతా పిల్లలకంటే ఒక మెట్టు పైన అని నమ్మే తల్లిదండ్రుల పిల్లల్లో కాలం గడిచేకొద్దీ "నేనే గొప్ప" అన్న భావం పెరిగింది. అమ్మానాన్నలకు నేనంటే ఇష్టం అని చెప్పిన పిల్లల్లో మాత్రం తమ మీద తమకు గౌరవం పెరిగింది. రెండూ ఒకటి కావు. మొదటిదానికి కింద ఉంచడానికి ఎవరో ఒకరు కావాలి.

పిల్లల మనసులో రెండు ప్రశ్నలు ఉంటాయి. నేను ఏం చేయగలను? నేను మీకు కావాలా? మొదటిదానికి మార్కులు, పరుగు పందేలు, బొమ్మలు జవాబు చెబుతాయి, చెప్పనివ్వాలి కూడా. రెండోదానికి జవాబు వీటితో ముడిపెట్టకూడదు. ఏడెనిమిదేళ్ల వరకు పిల్లలు తమను పక్కవాళ్లతో పెద్దగా పోల్చుకోరు, ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే పోల్చుకోవడం మొదలుపెడతారు. అందువల్ల మూడో తరగతి ప్రాంతంలో "పక్కింటి వాణ్ణి చూడు" అన్న మాట అంతకుముందు కంటే లోతుగా దిగుతుంది. అప్పటికే పిల్లలు చూస్తూనే ఉన్నారు, మనం చూపించనక్కర్లేదు.

ఇదంతా చేతివాటానికే కాదు. కళ్లద్దాలు, నత్తి, ఒంటి రంగు, నడక, ఇవన్నీ పిల్లలు ఇట్టే గమనిస్తారు. బస్సులో ఒకాయన కర్ర సాయంతో నడుస్తుంటే "అమ్మా, ఆయన అలా ఎందుకు నడుస్తున్నాడు?" అని గట్టిగా అడుగుతారు. సిగ్గుతో మనం "ష్" అని నోరు మూయిస్తాం. దాంతో అది మాట్లాడకూడని విషయమని పిల్లలకు అర్థమవుతుంది, అంటే చెడ్డదని. "కాలికి ఏదో ఇబ్బంది ఉండి ఉంటుంది నాన్నా, కర్ర ఉంటే నడక తేలికవుతుంది" అంటే సరిపోతుంది. జాలి కలపనక్కర్లేదు. అలాగే "నల్లగా ఉన్నా కళగా ఉంది" అనే మెచ్చుకోలును బంధువులు అలవాటుగా వాడేస్తారు. వింటున్న పిల్లకు అందులో కళ కంటే నలుపే ముందు వినబడుతుంది. "నవ్వితే బాగుంటావే" అంటే ఏం పోతుంది?

"నేను ఎడమచేత్తో ఎందుకు రాస్తాను?" అని పిల్ల అడిగితే జవాబు పొట్టిగానే ఉండాలి. "నీ మెదడుకు ఆ చెయ్యి సులువు. పదిమందిలో ఒకరు అలాగే ఉంటారు. మీ క్లాసులో ఇంకెవరున్నారో చూసి చెప్పు." ఆ ముగ్గురినో నలుగురినో వెతికి పట్టుకుని వచ్చి చెప్పేటప్పుడు పిల్లలకుండే హుషారు చూడాలి.

ఒక్క సందర్భంలో మాత్రం డాక్టరుకు చూపించాలి. చేతివాటం మామూలుగా రెండు మూడేళ్లకు కనబడటం మొదలై నాలుగైదేళ్లకు స్థిరపడుతుంది. ఏడాది నిండకముందే పాప ఎప్పుడూ ఒకే చేత్తో వస్తువులు అందుకుంటూ రెండో చెయ్యి కదపకుండా ఉంటే, అది కుడైనా ఎడమైనా, వాటం అనుకుని ఊరుకోకూడదు. వాడని చేతిలో బలహీనత ఉందేమో పిల్లల డాక్టరు చూడాలి. ఒక చేత్తో స్థిరంగా రాసే పిల్ల ఉన్నట్టుండి రెండో చేతికి మారినా అంతే.