క్రొవ్వు బిందువులును ముసలితనమును

కవ్వముతో చల్ల చిలుకునపుడు వెన్న యెక్కడినుండి వచ్చుచున్నదని యడిగినచో, పెరుగులోనుండియే యని యెవ్వరైనను వెంటనే చెప్పుదురు. పెరుగునకు పాలనుండి వచ్చినది. పాలలోనికి మాత్ర మెక్కడినుండి వచ్చినదను ప్రశ్నయొద్ద మనము సాధారణముగా నాగిపోవుదుము. ఆవు పొదుగునందలి జీవకణములు తమలోపల చిన్నచిన్న క్రొవ్వు బిందువులను తయారుచేసి, వానికి తమ పైపొరనే కొంత చుట్టబెట్టి, పాలలోనికి విడుచుచుండును. ఇట్లు లెక్కకు మిక్కిలి బిందువులు విడివిడిగా పాలలో తేలియాడుచుండును. కవ్వపు తాకిడికి ఆ పొరలు చినిగి, లోని క్రొవ్వు ఒకదానితో నొకటి యంటుకొని ముద్దకట్టును. అదియే వెన్న. హాలెండు దేశీయుడగు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తాను స్వయముగా చేసికొన్న సూక్ష్మదర్శినిలో 17వ శతాబ్దమునందే పాలచుక్కలోని యీ బిందువులను చూచి వర్ణించెను.

ఇట్టి బిందువులు పొదుగునందే గాక, మన కాలేయమునందును, కండరములందును, ప్రేగులందును, మెదడునందును, దాదాపు దేహమునందలి కణజాతు లన్నింటను ఏర్పడగలవు. వీనికిని ముసలితనమునకును సంబంధము కలదని గడచిన యిరువది యేండ్లలో బయల్పడిన సంగతులు వింతగొలుపునవి. కొన్నియెడల నీ బిందువులు ఆయువును పెంచుచున్నవి. కొన్నియెడల నవియే మెదడును ముదిమికి లోబఱచుచున్నవి. ఒకే వస్తువు రెండు విధముల నేల ప్రవర్తించునో తెలిసికొనుటకు ముందు దాని రూపమును కొంచెము పరిశీలింతము.

బిందువు నడుమ నుండునది నిలువక్రొవ్వు. దానిచుట్టు నొక పలుచని పొర. కణమునకు జంటపొర గోడ యుండగా, దీనికి మాత్రము ఒంటిపొరయే. ఆ పొరపై కొన్ని మాంసకృత్తులు కావలివారివలె నంటుకొనియుండును. పరిమాణమందు నెంతో భేదము కలదు. ఒక మిల్లీమీటరును వేయిభాగములు చేసినచో నందొక భాగముకంటెను చిన్నవి కొన్ని. చర్మముక్రింద నుండు క్రొవ్వుకణములలో నైతే నొక్కటే పెద్ద బిందువు కణమంతయు నాక్రమించి, మిల్లీమీటరులో పదవవంతు వఱకు పెరుగును.

19వ శతాబ్దపు చివరనే వీనిని కణములలో గుర్తించినను, చాలకాలము పండితులు వీనిని లక్ష్యపెట్టలేదు. మూలనున్న నేతికుండకంటె నెక్కువ మర్యాద వీనికి దక్కలేదు. 1991లో పెరిలిపిన్ అను మాంసకృత్తు బిందువుల యుపరితలముపై నుండుట కనుగొనబడిన తరువాత వారి దృష్టి మారినది. ఇది యింటి యిల్లాలి నడుమునందలి తాళపుచెవుల గుత్తివంటిది. కడుపు నిండియున్నంతసేపు ఎవ్వరిని లోనికి రానీయదు. ఉపవాసమునందో, శ్రమచేయునపుడో రక్తమునందలి హార్మోనులు కబురంపగానే దారి విడుచును. అప్పుడు లోనిక్రొవ్వును ముక్కలుచేయు ఎంజైములు పనికి దిగును. వానిలో మొదటి కోత కోయుదానిని 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున రుడాల్ఫ్ జెఖ్నర్ బృందమువారు ప్రకటించిరి. తెగివచ్చిన క్రొవ్వు ఆమ్లములు కణమునందలి కొలుములగు మైటోకాండ్రియాలకు చేరి, అచట మండి, శక్తినిచ్చును.

కఱవునకు దాచుకొనుట మాత్రమే దీని ప్రయోజనమైనచో నింత వ్రాయ నక్కఱలేదు. క్రొవ్వు ఆమ్లములు బిందువులో నణగియున్నపుడు సాధువులు. విడిగా తిరుగునపుడు కణమునకు విషము. మూతలేని గిన్నెలో నిలువయుంచిన నూనె గాలి తగిలి చెడి కంపు కొట్టుట మనమెఱిగినదే. కణపు గోడలలోని కొన్ని మెత్తని క్రొవ్వులును ప్రాణవాయువు ధాటి కట్లే చెడును. చెడి తమ ప్రక్కనున్నవానిని కూడ చెఱచును. లండను నగరమున ఆలెక్స్ గూల్డ్ బృందమువారు 2015లో చిన్న యీగ పిల్లలపై చేసిన పరిశోధన యీ విషయమున మిక్కిలి తేటయైనది. ప్రాణవాయువు కొఱతపడినపుడు ఆ యీగపిల్లల మెదడునందు నరముల మూలకణములు చెడకుండ, వాని నానుకొనియున్న పోషకకణములు క్రొవ్వు బిందువులను పెంచుకొన్నవి. సులభముగా చెడు క్రొవ్వులు గోడలనుండి తొలగి యీ బిందువుల నడిమికి చేరినవి. బిందువు లేర్పడకుండ నడ్డుపెట్టినపుడు మూలకణములు దెబ్బతిని, వాని వృద్ధి తగ్గినది. అనగా నీ బిందువు ధాన్యపు గాదెయే గాక, ఇంటిలో పిల్లలకు చేటుచేయు వస్తువులను పెట్టి తాళమువేయు పెట్టెకూడ నన్నమాట.

ఇక నాయువు మాట. ముసలితనమును పరిశోధించువారికి ప్రియమైన జంతువొకటి కలదు. అది నేలలోని యొక మిల్లీమీటరు పొడవుగల పురుగు. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. దాని శరీరము పారదర్శకము, జీవితకాలము రెండు మూడు వారములు. కాన నొక పురుగు పుట్టి, ముసలియై, చనిపోవుట నొక నెలలోపలనే చూడవచ్చును. దీని గర్భకణములను మొదటనే తొలగించినచో నది సుమారు 60 శాతము అధికకాలము బ్రతుకునని 1999లో తెలిసినది. బిడ్డలులేనందున సుఖపడుటచే బ్రతికినదని యెవ్వరును నవ్వరాదు, కారణము వేఱు. అట్టి పురుగుల ప్రేగులలో క్రొవ్వును కోయు నొక ఎంజైము హెచ్చుచున్నదని 2008లో మెంగ్ వాంగ్, గేరీ రవ్‌కున్ మొదలగువారు చూపిరి. మామూలు పురుగులలో నా ఎంజైము నొక్కదానిని పెంచినను వాని యాయువు పెరిగినది. ఈ రవ్‌కున్‌గారికే వేఱొక పరిశోధనకుగాను 2024లో నోబెలు బహుమతి లభించినది.

ఇంతవఱకు విన్నవారు, క్రొవ్వు కరిగించుటయే దీర్ఘాయువునకు మార్గమని తలంతురు. కాని 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కాథరీనా పాప్స్‌డార్ఫ్, ఆన్ బ్రూనే మొదలగువారు ప్రకటించినది దీనికి విరుద్ధముగా కనుపించును. ఓలియిక్ ఆమ్లమును మేతలో కలిపి పెట్టిన పురుగులు మామూలు పురుగులకంటె సుమారు మూడవవంతు అధికకాలము బ్రతికినవి. వాని ప్రేగుకణములలో క్రొవ్వు బిందువులు తగ్గుటకు మాఱుగా హెచ్చినవి! అంతేగాదు, ఒకే వయస్సు, ఒకే మేతగల పురుగులలోగూడ నెక్కువ బిందువులున్నది తక్కిన వానికంటె నెక్కువకాలము జీవించెను. బిందువు లేర్పడకుండ చేసినపుడు ఓలియిక్ ఆమ్లపు మేలు కనబడలేదు. కణపు గోడలలోని క్రొవ్వు చెడుట తగ్గినందున నిట్లు జరిగినదని వారి యభిప్రాయము. ఇదే ఆమ్లమునకు కవలవంటిదై, పరమాణువుల కూర్పులో నొక్క మెలిక మాత్రము భేదముగల ఎలైడిక్ ఆమ్లమును పెట్టినపుడు ఆయువు పెరుగలేదు. ఈ మెలికను గుఱించి మఱల చెప్పెదను.

పురుగుల సంగతి యిట్లుండగా, మెదడు సంగతి మఱియొక విధముగా నున్నది. 1901లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున 51 ఏండ్ల స్త్రీయొకతె మతిమఱపుతో వైద్యశాలలో చేర్పబడెను. 1906లో నామె చనిపోయిన పిమ్మట ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యు డామె మెదడును పరీక్షించి, 1907లో దాని వర్ణనను ప్రకటించెను. నేడా వ్యాధి ఆయన పేరుతోనే ప్రసిద్ధము. నరములలోని చిక్కుముడులను, బయటి మచ్చలను ఆయన వర్ణించిన సంగతి యందఱికిని తెలియును. నరములకు పరిచర్యచేయు కణములలో క్రొవ్వుసంచు లున్నవనియు నాయన వ్రాసెను. ఈ మూడవ సంగతిని నూఱేండ్లవఱకు పట్టించుకొన్నవారు తక్కువ.

మెదడునందు మైక్రోగ్లియా యను కణములు కలవు. చెత్తను తినివేయుట, రోగక్రిములను పట్టుట వీని పని. వయసుమళ్లిన చుంచెలుకల మెదడులో, జ్ఞాపకశక్తికి స్థానమగు భాగమందు, ఈ కణములలో ననేకము క్రొవ్వు బిందువులతో నిండిపోయినవని 2020లో స్టాన్‌ఫర్డునందే టోనీ విస్-కోరే బృందము చూపెను. అట్లు నిండిన కణములు చెత్తను సరిగా తినజాలవు. పైగా మంటపుట్టించు ద్రవ్యములను చుట్టును వెదజల్లుచుండును. 2024లో నదే విద్యాలయమువారు ఆల్జీమర్ వ్యాధిగ్రస్తులైన మనుష్యుల మెదళ్లను పరీక్షించిరి. ఏపీఓఈ-4 అను వంశలక్షణమును తల్లినుండియు తండ్రినుండియు పొందిన రోగులలో నీ క్రొవ్వుపట్టిన కణములు విశేషముగా నున్నవి. అట్టి కణములు విడుచు ద్రవ్యములు నరకణములకు చెఱుపుచేసినట్లు కూడ కనుగొనిరి.

మతిమఱపు ముదిరిన అత్తగారికో, మామగారికో అన్నము కలిపిపెట్టుచున్న సోదరీమణుల కిచట నొకమాట చెప్పవలెను. మెదడులో క్రొవ్వు పట్టినదని వినగానే, “నీవు పోసిన నేతివలననే గదా” యని యింటిలో నిందవేయువా రుందురు. ఈ పరిశోధన లట్లు చెప్పుటలేదు. ఆ కణములలో క్రొవ్వు పేరుకొనుటకు కారణములుగా నివి చూపునవి వయస్సు, వంశలక్షణము, వ్యాధివలన మెదడులో చేరు మచ్చల ద్రవ్యము. వడ్డించిన చేతి కిందు దోషము లేదు.

మఱి పురుగునకు మేలైన బిందువు మైక్రోగ్లియాకు కీడేల? నాకు తోచినంతలో సమాధానము నిలువలో లేదు, రాకపోకలలో నున్నది. గాదెలో ధాన్యము క్రిందినుండి తీయుచు పైనుండి పోయుచున్నంతకాలము చెడదు. ఏండ్ల తరబడి కదలనిది ముక్కిపోవును. కండరములు దీనికి సాక్ష్యము. దూరపు పరుగునకు అలవాటుపడిన వారి కండరములలో, మధుమేహరోగుల కండరములలోవలెనే, క్రొవ్వు విస్తారముగా నుండుట 2001లో అమెరికా పరిశోధకులు కనుగొని యాశ్చర్యపడిరి. నిలువ సమానమే. కాని యొకరు ప్రతిదినము తీసి మండించి మఱల నింపుకొనుచున్నారు, వేఱొకరిది కదలక పడియున్నది. అందుచే మొదటివారికి ఇన్సులిన్ చక్కగా పనిచేయుచున్నది, రెండవవారికి చేయుటలేదు.

మనుష్యుల క్రొవ్వు ఎంతకాలము నిలువయుండునో కొలుచుటకు స్వీడను దేశమున నొక యుపాయము పన్నిరి. 1950లలోను, 1960ల మొదటను బహిరంగముగా పేల్చిన అణుబాంబుల వలన గాలిలో నొక విధమగు కర్బనము హెచ్చి, 1963 తరువాత క్రమముగా తగ్గుచువచ్చినది. అది మొక్కలద్వారా ఆహారములోనికి, ఆహారముద్వారా మన క్రొవ్వులోనికి చేరినది. దానిని కొలిచి క్రొవ్వు పుట్టిన యేడును లెక్కింపవచ్చును. లోకమునకు కీడుతలపెట్టిన బాంబు లీ విధముగా నొక లెక్కకు పనికివచ్చినవి. ఈ రీతిని స్టాక్‌హోమ్ నగరపు పరిశోధకులు 2011లో తేల్చినదేమనగా, మన క్రొవ్వుకణము సుమారు 10 ఏండ్లు జీవించును. ఆ కాలములో దానిలోని క్రొవ్వు ఆఱుమార్లు మాఱును. 2019లో వారు ప్రకటించిన మఱియొక పరిశోధనలో 54 మంది స్త్రీపురుషులను 13 ఏండ్లవఱకు గమనించిరి. బరువు పెరిగినవారిలోను తగ్గినవారిలోను, అందఱిలోను వయస్సుతోపాటు క్రొవ్వు రాకపోకలు మందగించినవి. దానికి తగినట్లు ఆహారమును తగ్గించుకొననివారు సగటున 20 శాతము బరువు పెరిగిరి. “మునుపు తిన్నంతయే తినుచున్నాను, ఒళ్లేల వచ్చుచున్నది?” అని నలువది దాటిన స్త్రీలు తఱచు అడుగు ప్రశ్నకు దీనికంటె సూటియైన జవాబు నేనెఱుగను. వారు అబద్ధమాడుట లేదు. వారి క్రొవ్వుకణములు మునుపటివలె నిచ్చివేయుట లేదు.

మన దేశీయులకు వేఱొక చిక్కు కలదు. పూనా నగరపు వైద్యులగు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారును, వారి యాంగ్లేయ మిత్రులగు జాన్ యుడ్‌కిన్‌గారును 2004లో తమ ఛాయాచిత్రము నొక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇద్దఱి ఎత్తుబరువుల నిష్పత్తి ఒక్కటే, 22.3. ఆంగ్లేయుని దేహములో క్రొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్‌గారిలో 21.2 శాతము! సన్నగా కనబడుటచే మనలో క్రొవ్వు లేదని మురియుట కవకాశము లేదు. చర్మముక్రింద చోటుచాలని క్రొవ్వు కాలేయమునందును కండరములందును చేరును. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో క్రొవ్వు తుంటిభాగమును విడిచి పొట్టచుట్టు చేరుట కూడ నిందుకు తోడగును.

ఓలియిక్ ఆమ్లము సంగతి చదివి, పురుగుల యాయువు మనకును వచ్చునని నూనె హెచ్చుగా పోయుట తగదు; పురుగు పురుగే, మనిషి మనిషే. ఆ యామ్లము కొఱకు పరదేశపు సీసాలు కొనవలసిన పనియు లేదు. మన నువ్వులనూనెలోను వేరుసెనగ నూనెలోను నది సమృద్ధిగా నున్నది. పైన మెలికగల కవల యని చెప్పిన ఎలైడిక్ ఆమ్లము ట్రాన్స్ క్రొవ్వుల జాతికి చెందినది. నూనెను గట్టిపఱచి చేయు పాతకాలపు వనస్పతిలో నీ జాతి విస్తారముగా నుండెడిది. మన దేశమున నూనెలలోను వనస్పతిలోను ట్రాన్స్ క్రొవ్వు 2 శాతమునకు మించరాదని 2022 జనవరినుండి నిబంధన యమలులోనికి వచ్చినది. డబ్బామీద దాని పరిమాణము అచ్చువేసియుండును, కొనునపుడు చదువవచ్చును. పండుగ పిండివంటలకు బజారులో విడిగా తూచియిచ్చు కొవ్వులపై నట్టి చీటి యుండదు, అంగడివానిని అడిగి తెలిసికొనవలసినదే.