మూడేళ్ళ ఉద్యోగం, పదేళ్ళ మిరప వంగడం

జనవరి నెలలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ మిరప చేను దగ్గర ఆగినా కోతలు కనపడతాయి. పరిశోధన చేసే పొలాల్లో ఇంకొకటి కూడా కనపడుద్ది. ఓ అమ్మాయో, అబ్బాయో తెల్ల కాగితం మీద మిరప పువ్వు దులిపి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటారు. చూసేవాళ్ళకి చిన్న పనిలానే ఉంటుంది. కానీ వాళ్ళు ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేసినవాళ్ళు. ఉద్యోగం పేరు ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలో. పేరులో సీనియర్ ఉంది గానీ, ప్రాజెక్టు అయిపోయిన రోజే ఉద్యోగమూ అయిపోద్ది.

ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించి. "పీహెచ్‌డీలో చేరదామా, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష రాసుకుందామా" అని ఆలోచిస్తున్న మీ గురించి కూడా.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 2021-22 సీజన్‌లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చింది. పువ్వులోకి దూరి కూర్చుంటే పూత రాలిపోయింది, కాయ నిలబడలేదు. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదని చాలామంది తోటలు పీకేశారు, దున్నేశారు. దాని శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. అంటే మన మిరప మీద విరుచుకుపడటానికి ఆరేళ్ళ ముందే అది దేశంలో ఉంది.

ఇలాంటి పురుగుని అర్థం చేసుకోవాలంటే ఒక సీజన్ చాలదు. ఏ నెలలో పెరుగుద్ది, ఏ కలుపు మొక్క మీద బతుకుద్ది, ఏ వంగడం కాస్త తట్టుకుంటది అనేది ఏళ్ళ తరబడి చూస్తేనే తెలుస్తుంది. కొత్త మిరప వంగడం సంగతి చెప్పనే అక్కర్లేదు. సంకరం చేసిన దగ్గర్నుంచి, తరాలు నిలబెట్టి, రకరకాల ఊళ్ళలో పరీక్షించి, మినీకిట్‌గా రైతు చేతికి వచ్చేసరికి ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. ఆ పని చేసే కుర్రాడి ఉద్యోగమేమో రెండేళ్ళో, మూడేళ్ళో. మడుల సంగతి వాడికి బాగా తెలిసొచ్చేసరికి గేటు బయట ఉంటాడు. తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. నా దృష్టిలో ఇది కుర్రాళ్ళ కష్టం ఒక్కటే కాదండి, రైతు నష్టం కూడా.

డబ్బు సంగతికొద్దాం. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఊరిని బట్టి ఇంటద్దె అదనం. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 31,000, 35,000 ఉండేవి. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే ఇచ్చేది 8,000. అవును, ఎనిమిది వేలే. రాష్ట్ర యూనివర్సిటీల్లో అదీ లేకుండా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అటుపక్క పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 నుంచి మొదలవుద్ది. ఈ రెండిటి మధ్య ఉన్న గుంట దాటడానికే చాలామందికి ముప్పై ఐదేళ్ళు వచ్చేస్తాయి. ఇంట్లో అప్పటికి పెళ్ళి మాట, అప్పు మాట, రెండూ నడుస్తుంటాయి.

మరి యూరప్‌లో అంతా బావుందా? లేదండి. జర్మనీలో ఒక చట్టం ఉంది. మామూలుగా పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు కాంట్రాక్టు మీద పెట్టుకోవచ్చు. దాన్ని సమర్థిస్తూ అక్కడి మంత్రిత్వ శాఖ 2018లో ఒక కార్టూన్ వీడియో చేసింది. అందులో హన్నా అనే కల్పిత పరిశోధకురాలు. ఒకే తరం ఉద్యోగాలన్నీ పట్టుకుని కూర్చుంటే దారి మూసుకుపోద్దని ఆ వీడియో చెప్పింది. 2021 జూన్‌లో అక్కడి కుర్ర పరిశోధకులు దాన్ని మళ్ళీ బయటికి తీసి, "నేనే హన్నా" అనే హ్యాష్‌ట్యాగ్‌తో ట్విట్టర్‌లో ఎవరి కథ వాళ్ళు రాశారు. విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది.

2023 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ పరిశోధకుల కెరీర్ మీద ఒక సిఫారసు ఆమోదించింది, దాంతోపాటే కొత్త చార్టర్ కూడా ఇచ్చింది. సారాంశం ఏంటంటే, కుర్ర పరిశోధకుడికి కూడా సామాజిక భద్రత ఉండాలి. కాంట్రాక్టు తర్వాత కాంట్రాక్టుతో లాగకూడదు. యూనివర్సిటీ బయట, కంపెనీలోనో ప్రభుత్వంలోనో చేసిన పరిశోధనకీ సమాన విలువ ఇవ్వాలి. ఇది సిఫారసే, చట్టం కాదు. అయినా సమస్య ఉందని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆ చివరి పాయింట్ దగ్గర మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి వాడి ఉంటారుగా, ఆయనే. భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, 1930లో పీహెచ్‌డీ పొందారు. హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. మన ఊళ్ళలో బోదకాలుకి పంచే డీఈసీ మాత్ర అక్కడ ఆయన నడిపిన పరిశోధన నుంచి వచ్చిందే. కాబట్టి యూనివర్సిటీ గేటు దాటితే కెరీర్ అయిపోయిందని ఎవరన్నా అంటే నమ్మకండి. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. ఎగుమతయ్యే మిరపలో మందు అవశేషాలు, అఫ్లాటాక్సిన్ కొలిచే పని కూడా సైన్సే.

బయటికి వెళ్దామనుకునేవాళ్ళు మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్స్ చూడండి. ఏ దేశం వాళ్ళైనా అప్లై చేయొచ్చు, సాధారణంగా మాస్టర్స్ చాలు. స్టైపెండ్ కాదు, ఉద్యోగ ఒప్పందం ఇస్తారు, సామాజిక భద్రతతో సహా. ఒక్క మెలిక ఉంది. చేరే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. ఖాళీలు యూరాక్సెస్ సైట్‌లో పెడతారు. దానికి డబ్బులు తీసుకునే కన్సల్టెన్సీ అక్కర్లేదు.

ఇక్కడే చేరేవాళ్ళు వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా అడగండి. "సార్, ప్రాజెక్టు ఇంకా ఎన్ని నెలలుంది? ఫెలోషిప్ నెలనెలా పడుద్దా, గ్రాంట్ వచ్చినప్పుడు ఒకేసారి పడుద్దా? ఈ పని చేస్తూ పీహెచ్‌డీకి రిజిస్టర్ అవ్వొచ్చా? నేను తీసిన డేటాతో పేపర్ వేస్తే నా పేరు ఉంటుందా?" ఇవి అడిగితే కోపం వచ్చే గైడ్ దగ్గర చేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంకో పని చేయండి. మీకు ముందు ఆ సీట్లో పనిచేసినవాళ్ళ నంబర్ పట్టుకుని, ఒక్క ఫోన్ కొట్టండి. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎన్నాళ్ళకి వచ్చింది అని అడగండి.

నోటిఫికేషన్ చేతికొస్తే అందరూ జీతం లైను చూస్తారు. మీరు మాత్రం ముందు కింద, చిన్న అక్షరాల్లో, నిబంధనల దగ్గర చూడండి. పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది అనే ముక్క అక్కడే ఉంటుంది.